ఏడు గంటలకు ఊరు తనను చూసుకునేది

పోయిన ఏడాది దర్శి నుంచి శిరీష అనే అమ్మాయి మా ఇంటికి వచ్చింది. చేతిలో ఫోను, భుజాన సంచి, సంచిలో తన చానెల్ పేరు అంటించిన చిన్న మైకు. రిపోర్టరూ తనే, కెమెరా తనే, వార్త చదివేదీ తనే. మంచినీళ్లు తాగి, గ్లాసు కింద పెట్టి, "బాబాయ్, మీరు ఇరవై ఆరేళ్లు లోకల్ వార్తలకు కెమెరా పట్టారంట గదా. అసలేం చేసేవాళ్లు?" అని అడిగింది.

ఎగతాళికి అడగలేదు. తెలియకే అడిగింది. ఆ అమ్మాయి ఈ పనిలోకి వచ్చేసరికి మా బులెటిన్ లేదు, అది తయారైన గదీ లేదు. ఆ రోజు నేను ఏదో నాలుగు ముక్కలు చెప్పి పంపాను. తను వెళ్లాక సరిగా చెప్పలేదనిపించింది. అందుకే ఇది రాస్తున్నాను. ఏ సంవత్సరం చేరాను, ఎవరి చేత శాలువా కప్పించుకున్నాను అనేవి రాయను. వాటితో ఎవరికీ పని నేర్చుకోవడం రాదు.

చూస్తాం గానీ కనపడదు

నేను మొదట్లో పెళ్లి వీడియోలు తీసేవాణ్ని. సత్తెనపల్లిలో ఒక కేబుల్ ఆపరేటరు సొంతంగా వార్తలు వేయాలని నన్ను పిలిచాడు. ఆయనే మా యజమాని. బస్టాండు దగ్గర మేడ మీద రెండు గదులు. ఒక గదిలో బల్ల, వెనక నీలం గుడ్డ, రెండు లైట్లు. రెండో గదిలో ఎడిటింగు. సాయంత్రం ఏడు గంటలకు అరగంట వార్తలు. పల్నాడు పల్లెలకే కాక దర్శి, చీమకుర్తి వైపు కేబుల్ వాళ్లకు కూడా మా వార్తలు వెళ్లేవి. ఆ వైపు ఎవరైనా ఏదైనా తీస్తే, టేపును కవరులో పెట్టి బస్సు డ్రైవరు చేతికిచ్చేవాళ్లు. మధ్యాహ్నం బస్సు కోసం నేను బస్టాండులో నిలబడేవాణ్ని. బస్సు ఆలస్యమైతే వార్త రేపటికి పోయేది. అంతే మా టెక్నాలజీ.

మొదటి రోజు ఏం చూపించాలో ఎవరికీ తెలియలేదు. నేను పత్తి మార్కెట్టుకు వెళ్లి పత్తి తీశాను. బోరాలు విప్పుతున్నప్పుడు దూది ఉబికి బయటకు వచ్చేది, వేపారి చెయ్యి లోపలికి పెట్టి గుప్పెడు లాగి, పింజ సాగదీసి చూసేవాడు. అదే తీశాను.

ఏడింటికి బస్టాండు ఎదురుగా టీ హోటల్లో నిలబడ్డాను, జనం ఏమంటారో విందామని. హోటల్లో ఉన్నవాళ్లలో సగం మంది ఆ మార్కెట్టులో పనిచేసేవాళ్లే. హమాలీలు, గుమాస్తాలు, పత్తి తెచ్చిన రైతులు. టీవీలో పత్తి వచ్చింది. టీ గ్లాసులు చేతుల్లోనే ఆగిపోయాయి. నా పక్కనున్న ముసలి హమాలీ వీపు మీద ఆ సాయంత్రం దాకా మోసిన బోరాల దుమ్ము ఇంకా ఉంది. ఆయన నోరు కొంచెం తెరుచుకుని చూస్తున్నాడు.

"ఏం పెద్దాయనా, నువ్వు రోజూ చూసేదేగా?" అన్నాను.

ఆయన టీవీ మీంచి కళ్లు తిప్పకుండానే అన్నాడు. "చూస్తాం గానీ, కనపడదు గదయ్యా."

అప్పటిదాకా నేను కెమెరా అంటే జరిగింది దాచిపెట్టే పెట్టె అనుకున్నాను. ఒక మనిషి ముప్పయ్యేళ్లు మోసిన బరువు ఆ మనిషికే మొదటిసారి కనపడేలా చేయగలదని ఆ రోజు తెలిసింది. నేను చేసిన పని అదే. శిరీషకు ఆ రోజు చెప్పవలసిన జవాబు ఇది.

సాంబశివరావు గారు

మా వార్తల పెద్ద సాంబశివరావు గారు. హైస్కూల్లో తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యాక మా దగ్గర చేరారు. కెమెరాలో ఏ బటన్ దేనికో ఆయనకు చివరిదాకా తెలియలేదు. అయినా ఏది బాగా తీశానో, ఏది బద్ధకంగా తీశానో మొదటి క్షణంలో చెప్పేసేవారు. పద్మజ వార్తలు చదివేది. ఆమె ఒత్తులు పలకకపోతే మాస్టారు ఎదురుగా కూర్చుని తన పెదవులు కదిలించి చూపించేవారు.

ఒకసారి చీమకుర్తి గ్రానైటు క్వారీకి పంపించారు. అంత లోతైన గొయ్యి నేనెప్పుడూ చూడలేదు. అంచున నిలబడితే అడుగున లారీలు అగ్గిపెట్టెల్లా ఉన్నాయి. నల్లరాయి గోడలు మెట్లు మెట్లుగా దిగిపోతున్నాయి, కోసినచోట తడి మెరుపు. ఇల్లంత రాయిని తీగతో కోస్తున్నారు. భూమి కడుపు కనపడుతోందనిపించింది. ఆ పూటంతా తీసి, ఎంతో గర్వంగా తెచ్చి ఆయన ముందు వేశాను.

ఆయన మొత్తం చూశారు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"బ్రహ్మాండంగా ఉంది కోటేశ్వరరావ్. అక్కడ మనుషులెవరూ ఉండరా?"

ఉన్నారు. వందల మంది ఉన్నారు. రాయి పెద్దదిగా కనపడాలని నేనే వాళ్లను ఫ్రేములో నుంచి తప్పించాను.

మర్నాడు మళ్లీ వెళ్లాను. ఒడిశా నుంచి వచ్చిన కూలీ ఒకతను రాయి మీద కూర్చుని అన్నం తింటుంటే పక్కన కూర్చున్నాను. అతని రెప్పల మీద కూడా రాతి పొడి. వచ్చీరాని తెలుగులో, "ఇది మా ఊళ్లో కనపడతదా?" అని అడిగాడు. కనపడదని చెప్పాను. ముద్ద కలుపుతూ, "అయినా తియ్యి. ఇక్కడోళ్లయినా చూస్తారు," అన్నాడు. అతని ముఖం మీద మొదలుపెట్టి, మెల్లగా వెనక్కి జరిగి, ఆ గొయ్యంతా చూపించాను. రాయి ముందురోజు కంటే పెద్దదిగా కనపడింది. పక్కన మనిషి ఉంటేనే ఏదైనా ఎంత పెద్దదో తెలుస్తుంది. ఈ సంగతి నాకు ఒక తెలుగు మాస్టారు నేర్పారు.

నేను చేసిన తప్పు

ఇది రాయడానికి కష్టంగా ఉంది. కానీ ఇది రాయకపోతే మిగతాదంతా రాసి ప్రయోజనం లేదు.

ఊరి బయట నాగేంద్రమ్మ అనే ఆవిడ మిరపనారు పెంచేది. భర్త పోయాక రెండెకరాల్లో నీడకు షేడ్‌నెట్ వేసి, ట్రేలలో కొబ్బరిపొట్టు నింపి, గింజ గింజ తన చేత్తోనే నాటేది. ఆవిడ నారు కోసం చుట్టుపక్కల రైతులు ముందే చెప్పుకునేవాళ్లు. ఒక శ్రావణంలో ఆవిడ మీద మంచి కథనం చేశాం. నేనే తీశాను. మజ్జిగ ఇచ్చి పంపింది.

మూడు వారాల తర్వాత వేరే మండలంలో ఒక నర్సరీలో వైరస్ పట్టిన నారును అధికారులు పట్టుకున్నారని ఫోను వచ్చింది. అప్పటికే సాయంత్రం నాలుగైంది. వాన. నా బండి పంక్చరై ఉంది. వెళ్లలేదు. బులెటిన్‌కు బొమ్మ కావాలి. పాత టేపు తీసి నాగేంద్రమ్మ మడి దృశ్యాలు పెట్టాను. ముఖం కనపడకుండా, నారు మాత్రమే కనపడేలా జాగ్రత్తగా ఎంచానని అనుకున్నాను. షేడ్‌నెట్ ఏదైనా షేడ్‌నెట్టే గదా అనుకున్నాను. సాంబశివరావు గారు ఆ పూట ఊళ్లో లేరు. పద్మజ వార్త చదివింది, ఆమె మాటల వెంట నేను పెట్టిన బొమ్మ నడిచింది.

నాకు షేడ్‌నెట్లన్నీ ఒకటే. రైతులకు కాదు. ఆ మడి చివర నీళ్ల తొట్టి మీద ఎరుపు రంగు గీతలుంటాయి. అది ఎవరి తొట్టో చూసిన ప్రతివాడికీ తెలుసు.

మర్నాడు పొద్దున తొమ్మిదింటికి నాగేంద్రమ్మ మా ఆఫీసు మెట్లెక్కి వచ్చింది. చంకలో నారు ట్రే. దాన్ని బల్ల మీద, పద్మజ వార్తలు చదివేచోట పెట్టింది.

"నా మడి తీసిందెవరు?"

"నేనేనమ్మా," అన్నాను.

"మా ఇంట్లో మజ్జిగ తాగి పోయింది నువ్వేగా?"

"అవునమ్మా."

"మరి దొంగనారు నా మడిలో ఎప్పుడు చూశావయ్యా?"

"చూళ్లేదమ్మా."

"చూడంది చూపించావా?"

ఆవిడ గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది. నారుకు నలభై రోజులు నిండాయి, ఇంకో వారం పది రోజుల్లో తీసి నాటకపోతే ముదిరిపోతుంది, పొద్దున్నే పదకొండు మంది వచ్చి మాకొద్దన్నారు, అని చెప్పింది. ఆ ట్రేలలో మూడు లక్షల మొక్క ఉందని నాకు తెలుసు. నేనే వార్తలో చెప్పించాను.

అప్పటికి సాంబశివరావు గారు వచ్చారు. సంగతి విన్నారు. లేచి నిలబడి, ఆవిడకు కుర్చీ వేయమన్నారు. తర్వాత యజమానికి కబురు చేశారు. యజమానికి సవరణ వేయడం ఇష్టం లేదు.

"మన తప్పు మనమే చెప్పుకుంటే రేపట్నుంచి మన వార్త ఎవరు నమ్ముతారండీ? నెమ్మదిగా చూద్దాం. వచ్చేవారం ఆవిడ మీద ఇంకో మంచి కథనం వేద్దాం," అన్నారు.

"ఆవిడ నారుకు వారమే గడువుందండీ," అన్నారు మాస్టారు. "మన పరువుకు తొందరేం లేదు. అది ఆగుతుంది."

ఆ సాయంత్రం ముఖ్యాంశాల్లో మొదటిదిగా పద్మజ మా తప్పు చదివింది. ఆ తర్వాత మాస్టారు నన్ను వెళ్లి బల్ల ముందు కూర్చోమన్నారు. కెమెరా ఫ్రేము నేనే పెట్టి, బటన్ చూపించి ఆయన్ను నొక్కమన్నాను. అన్నేళ్లలో నేను అటువైపు కూర్చోవడం అదొక్కసారే. "నిన్న చూపించిన నారుమడి పట్టుబడిన మడి కాదు. ఆ ఊరికి నేను వెళ్లనే లేదు. నాగేంద్రమ్మ గారి మడి పాత బొమ్మ పెట్టింది నేనే," అని చెప్పాను. లైటు వేడికి కాదు, ముఖమంతా చెమట పట్టింది.

దాంతో అంతా సర్దుకుంటుందనుకున్నాను. సర్దుకోలేదు. మర్నాడు మడి దగ్గరకు వెళ్తే ఎవరూ రాలేదు. దారిలో హనుమయ్య అనే రైతు కనపడ్డాడు. నారు వద్దన్న మొదటివాడు ఆయనే. ఆపి అడిగాను.

"మొన్న చెడ్డదన్నారు, నిన్న మంచిదన్నారు. రేపేమంటారో చూసి వద్దామని ఆగాను," అన్నాడు.

అబద్ధం ఒక్క పూటలో చేరిన చోటికి నిజం చేరడానికి ఎన్ని రోజులు పడుతుందో అప్పుడు తెలిసింది. ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లు సవరణ వేశాం కదా అని చేతులు దులుపుకోకండి. సవరణతో పని మొదలవుతుంది, అంతే.

ఏం చేయాలో నాగేంద్రమ్మే చెప్పింది. "మీ మాటలతో అయ్యేది కాదిది. నువ్వు రోజూ వచ్చి ఈడ కూర్చో. ఎవడొచ్చి ఏ ట్రే పీకి చూసినా తియ్యి. బాగుంటే బాగుందని చెప్తాడు, లేకపోతే లేదంటాడు. ఏదన్నా వెయ్యి."

"బాగాలేదని ఎవరైనా అంటే?" అన్నాను.

"అంటే అననీ. నా నారు నాకు తెలవదా?"

నాలుగు రోజులు ఆ మడిలో కూర్చున్నాను. మొదట టీవీలో కనపడదామని ఇద్దరు ముగ్గురు వచ్చారు. మూడో రోజు హనుమయ్య వచ్చాడు. ఎవరితోనూ మాట్లాడలేదు. ముందు వరుస వదిలేసి, లోపలికి పోయి, మధ్యలోంచి ఒక ట్రే లాగాడు. మొక్క పీకాడు. పొట్టు దులిపి వేళ్లు చూశాడు. తెల్లగా, సన్నని దారాల్లా అల్లుకుని ఉన్నాయి. ఆకు తిరగేసి ఎండకు పట్టుకున్నాడు. ఇంకో ట్రే. మళ్లీ ఇంకోటి. నేను తీస్తూనే ఉన్నాను. నాగేంద్రమ్మ దూరంగా నిలబడి కొంగు నడుముకు చుట్టుకుంది. అంతకు మించి కదల్లేదు.

చివరికి ఆయన కెమెరా వైపు తిరిగాడు. "నారు బాగుంది. బాగాలేంది నా నోరు. మొన్న నలుగురికి చెప్పాను ఇక్కడ కొనొద్దని. ఆ నలుగురికీ ఇయ్యాల నేనే చెప్తాను," అన్నాడు. ఆ సాయంత్రం వార్తల్లో అది పూర్తిగా వేశాం. ఒక రైతు తన ఊరందరి ముందు 'నా మాట తప్పు' అన్నాడు. అంతకు ముందుగానీ తర్వాతగానీ నేను తీసిన నాయకుల్లో ఒక్కడూ ఆ మాట అనడం చూడలేదు.

ట్రాక్టర్లు వచ్చాయి. నారు చాలావరకు అమ్ముడుపోయింది. అంతా పోలేదు. నాలుగో వంతు ముదిరింది. వాటిని పీకి గట్టున పోస్తుంటే నేను కెమెరా కిందికి దించాను.

"తియ్యవయ్యా, ఇదీ వెయ్యి," అంది నాగేంద్రమ్మ. "బతికినయ్యే చూపిస్తే మళ్లీ మీకు అలవాటయిద్ది."

తీశాను. వేశాం.

మాఘంలో నన్ను హనుమయ్య కల్లానికి తీసుకెళ్లి చూపించింది నాగేంద్రమ్మే. ఆ నారు తాలూకు కాయ. గట్టు ఎక్కి చూస్తే ఎరుపు, ఇంకా ఎరుపు, చివర ఆకాశం అంచు కూడా ఎర్రబారినట్టే ఉంది. ఘాటుకు కళ్లలో నీళ్లు. ఆడవాళ్లు వంగి తెల్లబడిన తాలుకాయ ఏరుతున్నారు. బల్ల మీద పెట్టిన ఆ చిన్న పచ్చటి ట్రేలో ఇంత ఉందా అని అలాగే నిలబడిపోయాను. దీన్నంతా నేను ఒక పంక్చరు బండి సాకుతో మడిలోనే ఎండగొట్టి ఉండేవాణ్ని.

ఆ తర్వాత మా ఆఫీసులో ఒక పద్ధతి వచ్చింది. బొమ్మ లేకపోతే నీలం గుడ్డే కనపడేది. "ఈ వార్తకు సంబంధించిన దృశ్యాలు మా దగ్గర లేవు," అని పద్మజ చదివేది. జనం నవ్వుతారనుకున్నాం. ఎవరూ నవ్వలేదు.

బులెటిన్ ఎలా ఆగింది

ఒక్కరోజులో ఆగలేదు. డిష్‌లు వచ్చాయి. సెట్‌టాప్ బాక్సులు వచ్చాక మా చానెల్ ఎక్కడో వందల అంకెల వెనక్కి పోయింది. రాష్ట్ర చానెళ్లు రోజంతా అరిచేవి. తర్వాత ఫోన్లు. బట్టల కొట్టువాడు మాకిచ్చే ప్రకటన తన ఫోనులో తనే పెట్టుకోవడం నేర్చాడు. అరగంట బులెటిన్ పదిహేను నిమిషాలైంది. ఏడుగురం ముగ్గురమయ్యాం. సాంబశివరావు గారు అప్పటికే పోయారు. ఆయన ఇది చూడలేదు, అంతవరకు నయం.

అంతా ఫోన్ల తప్పేనని నేను అనను. మా తప్పులూ ఉన్నాయి. చివరి ఏళ్లలో ఎవరు పిలిస్తే వాళ్ల పుట్టినరోజు వార్తయింది. ప్రకటనను వార్తలా చదివించాం. ఊరవతలి కొన్ని కాలనీలకు వానొచ్చినా, నిప్పంటుకున్నా మేం వెళ్లేవాళ్లం కాదు, వెళ్లినా తోవ అడగవలసి వచ్చేది. చూసేవాళ్లు వెళ్లిపోవడానికి ముందే మేం వాళ్లను చూడటం మానేశాం.

చివరి బులెటిన్ మామూలుగానే అయిపోయింది. మర్నాడు ఏడు దాటాక ఆఫీసు ఫోనుకు కొన్ని కాల్స్ వచ్చాయి. సామాన్లు సర్దుతూ నేనే ఎత్తాను. వార్తలు ఆపేశారా అని ఒక్కరూ అడగలేదు. "మీ వైపు కరెంటు పోయిందా?" అని అడిగారు. మేం లేకుండా పోతామని వాళ్లకు తోచలేదు. ఆ మాట ఇప్పటికీ తలచుకుంటాను.

పద్మజ ఇప్పుడు ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు చెబుతోంది. అంత స్వచ్ఛమైన గొంతు, ఇప్పుడు నలభై మంది పిల్లలే వింటారు. మా ఎడిటరు పెళ్లి ఆల్బములు తయారుచేస్తున్నాడు. దర్శి వైపు నుంచి టేపులు పంపిన అతను ఎరువుల కొట్టు పెట్టాడు. నేను వయసు వచ్చి ఆగాను. వాళ్లు వయసు రాకుండానే ఆగారు.

ఊరికి ఏం పోయిందో ఒక్కటి చెబుతాను. మున్సిపల్ సమావేశానికి నేను నెలనెలా వెళ్లి వెనక బెంచీలో కెమెరా పెట్టేవాణ్ని. చాలాసార్లు అందులోంచి ఒక్క నిమిషం కూడా వేసేవాళ్లం కాదు. బులెటిన్ ఆగాక ఒకసారి ఊరికే వెళ్లి కూర్చున్నాను. రెండు గంటలు వాదించుకునే సమావేశం చేతులెత్తి, టీ తాగి, పది నిమిషాల్లో అయిపోయింది. వెనక బెంచీ ఖాళీ.

కట్ట మీద

మళ్లీ శిరీష దగ్గరకు వస్తాను. మొన్న తుఫానప్పుడు నేను దర్శిలో మా బావమరిది గృహప్రవేశానికి వెళ్లి చిక్కుకుపోయాను. నాలుగు రోజులు వాన. చేలల్లో విచ్చిన పత్తి తడిసి నల్లబడి వేలాడుతోంది. నాలుగో రోజు పొద్దున అందరి ఫోన్లలోకీ ఒక గొంతు వచ్చింది. ఫలానా ఊరి చెరువు కట్ట తెగిందంట, కిందూళ్లోళ్లు లేచి పోండి అని. ఎవరి గొంతో ఎవరికీ తెలియదు.

నేను ఊళ్లోనే ఉన్నానని తెలిసి కాసేపటికి శిరీష ఫోను చేసింది. "బాబాయ్, నేను చెరువు దగ్గరకు పోతున్నా. వస్తారా?"

ఆమె స్కూటీ వెనక కూర్చుని వెళ్లాను. ఎదురుగా ట్రాక్టర్లు. వాటి వెనక ట్రక్కుల్లో ముసలివాళ్లు, పిల్లలు, గొర్రెలు, బియ్యం బస్తాలు. ఒక మలుపులో ఒక ట్రక్కు బురదలో జారి పక్క కాలవలో ఒరిగిపోయింది. జనం బయటపడ్డారు గానీ ఒకామెకు చెయ్యి విరిగింది. ఇంకో వంద ట్రాక్టర్లు ఆ సన్నటి రోడ్డు మీదికి వస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

కట్ట తెగి ఉంటే ఈపాటికి రోడ్డు మీద నీళ్లుండాలి. లేవు. అయినా మెరక వైపు నుంచి ఎక్కాం. చెరువు నిండా నీళ్లు. కట్ట అటు చివరిదాకా కనపడటం లేదు, వాన తెర అడ్డం. దూరంగా పెద్ద హోరు వినిపిస్తోంది.

"ఇక్కణ్ణుంచి ఒక వీడియో పెడితే సరిపోద్దా?" అంది.

"ఇక్కడ బాగానే ఉంది, అవతల తెగిందంటారమ్మా," అన్నాను.

శిరీష కట్ట పొడుగునా చూసింది. పెదవి కొరుక్కుంది. "అయితే ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తాను. లైవ్ పెట్టి, మధ్యలో ఆపకుండా."

ఆ ఆలోచన నాది కాదు. నాకు తట్టలేదు కూడా. మాది ముక్కలు కోసి అతికించే చదువు.

ఫోను తడవకుండా నేను గొడుగు పట్టాను. ఆమె మొదలుపెట్టింది. గొంతులో హడావిడి లేదు. "నేను శిరీషను. చెరువు కట్ట మీద ఉన్నాను. చివరిదాకా నడుస్తాను. మీరే చూడండి." బురద మడమల పైకి వస్తోంది. ఒకచోట కాలు జారి మోకాలి మీద పడింది. చెయ్యి మాత్రం పైకే ఉంది, ఫోను వాలలేదు. అలాగే లేచి నడిచింది. జనం ఇళ్లలోంచి, ట్రాక్టర్ల మీంచి లైవ్ కింద రాస్తున్నారు. తూము దగ్గర చూపించమ్మా. రేవు దగ్గర పోయిన ఏడు గండి పడింది, అక్కడ ఆగు. ఆమె ఆగి, వంగి, మట్టిని దగ్గరగా చూపించి, మళ్లీ కదిలేది. నా ఇరవై ఆరేళ్లలో ఇంట్లో కూర్చున్న మనిషి నా కెమెరాను ఇటు తిప్పమని అడగగలిగింది లేదు. గొడుగు పట్టుకుని నడుస్తూ నేను ఆ చిన్న తెర మీద ఒక ప్రాంతమంతా కలిసి తన కట్టను తడిమి చూసుకోవడం చూశాను.

అవతలి చివర చెరువు కాపలా చూసే లస్కరు ఉన్నాడు. తలమీద గోనెపట్టా. మిగులు నీళ్లు అలుగు మీంచి తెల్లగా దూకుతున్నాయి.

"నేను రాత్రి కాణ్ణుంచి ఈడే ఉన్నా," అన్నాడు ఫోను వైపు చూసి. "కట్టకేం కాలా. అలుగు పారతంది. మీకు ఇనపడే హోరు అదే. ఎనక్కి పోండి."

శిరీష ఇంకొంచెంసేపు అలుగు చూపించి, అప్పుడు ఆపింది. కట్ట రాయి మీద కూర్చుండిపోయింది. ఈ అమ్మాయికి ఆఫీసు లేదు, తప్పు రాస్తే లేచి నిలబడే మాస్టారు లేరు, రెండేళ్ల తర్వాత ఈ పనిలో ఉంటుందో లేదో తనకే తెలియదు. అది అన్యాయం. ఆ అన్యాయం ఎలా తీరుతుందో నాకు తెలియదు. కానీ ఆ నడక లాంటి షాటు నేను జన్మలో తీయలేదు.

తిరిగి వస్తుంటే ట్రాక్టర్లు వెనక్కి మళ్లుతున్నాయి. మాకు దారి ఇవ్వడానికి ఒకటి పక్కకు ఆగింది. ట్రక్కులో గొర్రెపిల్లను ఒళ్లో పెట్టుకున్న ఒక ముసలమ్మ నన్ను పరీక్షగా చూసింది.

"ఫోన్లో చెయ్యి కనపడింది, ఆ గొడుగు పట్టింది నువ్వేనా?"

"నేనేనమ్మా."

"కాస్త అడ్డమొచ్చిందయ్యా," అంది. "అలుగు దగ్గర సరిగా చూడనీలా."